పట్టేవాళ్ళ వైపు మూడేళ్ళు

మా నాన్న తెనాలి దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. కబడ్డీ అంటే ప్రాణం. ఊరంతా కూతకెళ్ళేవాడికి చప్పట్లు కొడుతుంటే ఆయన కళ్ళు మాత్రం పట్టేవాళ్ళ మీదే ఉండేవి. "కూతకొచ్చేవాడికి తానేం చేస్తాడో తెలుసు. పట్టేవాడికి తెలీదు. అందుకని వాడి మొహం చూడకు, కాళ్ళు చూడు" అనేవారు. నేను యూనివర్సిటీ జట్టు దాకా ఆడి, మోకాలు పాడై మానేశాను. ఆ మాట మళ్ళీ పనికొస్తుందని అప్పట్లో అనుకోలేదు.

2021 ఆగస్టులో డేటా అనలిటిక్స్‌లో ఎమ్మెస్ చెయ్యడానికి అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీకి వెళ్ళాను. పేరు చెప్పను, ఎందుకో కింద తెలుస్తుంది. క్యాంపస్‌లో మనవాళ్ళకి మామూలుగా దొరికే పనులు రెండు: డైనింగ్ హాల్లో గిన్నెలు కడగడం, లైబ్రరీలో కూర్చోవడం. నేను అప్లై చేసేసరికి రెండూ అయిపోయాయి. మిగిలింది ఫుట్‌బాల్ జట్టుకి వీడియో తీసే పని. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేదే అనుకుని వెళ్ళాను. మొదటి రోజు హెల్మెట్లు చూసి తప్పు గ్రౌండుకి వచ్చానేమో అనుకున్నాను. ఇది అమెరికన్ ఫుట్‌బాల్, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తేది.

నన్ను సిజర్ లిఫ్ట్ ఎక్కించారు. కత్తెరలా విచ్చుకుంటూ పైకి లేచే ఇనప మంచె అనుకోండి. జొన్నచేలో మంచె మీద పిట్టల్ని తోలినట్టు పైనుంచి కెమెరా తిప్పుతూ నిలబడాలి. దాని మీద గాలి కొలిచే మీటర్ ఒకటి ఉండేది. గాలి హద్దు దాటితే ఎవరి అనుమతీ అక్కర్లేకుండా దించెయ్యమన్నారు. ఇంత పట్టింపు ఎందుకని అడిగితే, 2010 అక్టోబరులో నోటర్ డామ్ యూనివర్సిటీలో గంటకు 50 మైళ్ళకు పైగా గాలి వీచిన రోజున ఇలాంటి లిఫ్ట్ కూలి, ప్రాక్టీసు వీడియో తీస్తున్న విద్యార్థి చనిపోయాడని చెప్పారు. ఆ తర్వాత మీటర్ చూడకుండా నేనెప్పుడూ ఎక్కలేదు.

పైనుంచి చూడటం వల్లే ఆట అర్థమైంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్ళాలి, వెళ్తే మళ్ళీ నాలుగు. ఒక్కో ప్రయత్నం, అంటే ప్లే, ఐదారు సెకన్లు, ఆ తర్వాతి దానికి 40 సెకన్ల గడియారం. క్రికెట్లో ప్రతి బంతికీ కెప్టెన్ ఫీల్డింగ్ మార్చినట్టు, డిఫెన్స్, అంటే అడ్డుకునే పక్షం, కోచ్ ప్రతి ప్లేకీ పదకొండు మందిని సర్దాలి. మ్యాచ్‌కి 60, 70 సార్లు. పైగా కాలేజీ ఆటలో ఒక మెలిక ఉంది. మైదానం వెడల్పు 160 అడుగులు. బంతి పెట్టే గుర్తులు, అంటే హాష్ గీతలు, ఒక్కో అంచుకీ 60 అడుగుల దూరంలో ఉంటాయి. బంతి ఒక గుర్తు మీద ఉంటే ఒక పక్క 60 అడుగులు, రెండో పక్క 100. ప్రొఫెషనల్ ఆటలో గుర్తులు దాదాపు నడిమధ్యే కాబట్టి ఈ తేడా తెలీదు. కాలేజీ డిఫెన్స్ కోచ్ బతుకంతా ఆ వంద అడుగుల పక్కన ఎవణ్ణి నిలబెట్టాలన్న లెక్కే. వాళ్ళు పొడుగు పక్కని ఫీల్డ్ అనీ, పొట్టి పక్కని బౌండరీ అనీ అంటారు.

రెండో సెమిస్టర్లో నన్ను మంచె దించి గదిలో కూర్చోబెట్టారు. ప్రత్యర్థుల ఆటల్ని ముక్కలు చేసి ప్రతి ప్లేకీ వివరాలు రాయాలి: ఎన్నో డౌన్ (నాలుగింట్లో ఎన్నో ప్రయత్నం), ఎన్ని గజాలు, బంతి ఏ గుర్తు మీద, వెనక ఎంతమంది, ఎవరు కదిలారు, బంతి పట్టుకుని పరిగెత్తే రన్నా, విసిరే పాసా. నేను చదివే చదువుకి ఇది పండగ. 2022 సీజన్లో మొదటి ప్రత్యర్థి మీద 40 పేజీల రిపోర్టు రాసి, రంగు రంగుల చార్టులతో స్పైరల్ బైండింగ్ చేయించి, డిఫెన్స్ మొత్తానికి పెద్ద అయిన డిఫెన్సివ్ కోఆర్డినేటర్ టేబుల్ మీద పెట్టాను.

ఆయనకి యాభై దాటాయి. గదిలో అలమర మీద తొమ్మిది టోపీలు వరసగా ఉండేవి, తొమ్మిది కాలేజీలవి. అందులో నాలుగు చోట్ల ఉద్యోగం పీకేస్తే వచ్చాడు. నా రిపోర్టు మొత్తం చదివాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. తర్వాత తెల్లకాగితం ఒకటి తీసి అడిగాడు: "నీకు తెలిసినవి నలభై పేజీలు. మైక్ బుర్రలో మూడు పడతాయి. ఏ మూడు?"

మైక్ అంటే మనిషి పేరు కాదు, డిఫెన్స్ రెండో వరసలో మధ్యన నిలబడే లైన్‌బ్యాకర్‌ని అలా పిలుస్తారు. మిగతా పదిమందికీ పిలుపు అందించేది అతనే. 40 సెకన్లలో అవతలివాళ్ళు ఆటగాళ్ళని మార్చుకోవడానికీ, మనం పిలుపు పంపడానికీ, అతను అది అందరికీ అరిచి చెప్పడానికీ పోగా, ఆలోచించుకోవడానికి మిగిలేది నాలుగైదు సెకన్లు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు, ఎదురుగా మూడొందల పౌన్ల మనుషులు ఐదుగురు. ఆ టైములో నా చార్టు ఏం గుర్తుంటుంది? మూడు ఏరడానికి నాకు రెండు రోజులు పట్టింది. అందులో రెండింటిని ఆయన కొట్టేశాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఎఫ్-1 వీసా మీద చదివేవాళ్ళు సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పని చెయ్యాలి. కోచింగ్ స్టాఫ్‌లో కుర్రాళ్ళు పొద్దున ఐదున్నరకి వచ్చి రాత్రి పదకొండుకి వెళ్ళేవారు. నేను గంటలు చూసుకుని లేచిపోతుంటే మొదట్లో వెక్కిరించారు. ఆగస్టు క్యాంపు మాత్రం క్లాసులు మొదలవక ముందే కాబట్టి, అప్పుడు పూర్తిగా ఉండేవాణ్ణి. నిజం చెప్పాలంటే ఆ 20 గంటల హద్దు నాకు మేలే చేసింది. ఎక్కువసేపు కూర్చుంటే ఎక్కువ తెలుస్తుందన్న భ్రమ ఆ వృత్తికి పెద్ద జబ్బు. నిద్ర చాలక పిచ్చి తప్పులు చెయ్యడం కళ్ళారా చూశాను.

తప్పులంటే, నావీ ఉన్నాయి. వారం మధ్యలో మన రెండో జట్టు కుర్రాళ్ళు ప్రత్యర్థిలా ఆడి మన డిఫెన్స్‌కి అలవాటు చేస్తారు. వాళ్ళకి అవతలివాళ్ళ ప్లేలు కార్డుల మీద మార్కర్‌తో గీసి చూపించాలి. వానకి తడవకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గుంపు ముందు నిలబడి, ఒక్కోటీ ఎత్తి పట్టుకోవాలి. ఒక మంగళవారం ఒక కార్డులో గార్డు, అంటే బంతి ఉన్న జట్టు ముందు వరసలో నిలబడేవాడు, కుడి నుంచి ఎడమకి పరిగెత్తాల్సింది ఎడమ నుంచి కుడికి గీశాను. లైన్‌బ్యాకర్‌కి గార్డే దిక్సూచి: వెనక్కి కూర్చుంటే పాస్, ముందుకొస్తే రన్, పక్కకి పరిగెడితే వాడి వెనకే పో. మా మైక్ నా గార్డుని నమ్మి పోయాడు. అవతల బంతి ఇంకో దారిన పోయింది. కోఆర్డినేటర్ వాణ్ణి తిట్టబోయి, కార్డు అడిగి తీసుకుని చూశాడు.

"ఇది ఎవరు గీశారు?"

"నేనే కోచ్."

ఏమీ అనలేదు. ప్రాక్టీసయ్యాక నల్ల మార్కర్ చేతికిచ్చి అదే ప్లే ఇరవై సార్లు గీయమన్నాడు. ఐదో తరగతిలో ఎక్కాలు తప్పు చెబితే మా లెక్కల మాస్టారిచ్చిన ఇంపొజిషన్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. పన్నెండోది గీస్తుంటే గార్డు మొదటి అడుగు ఎందుకు వెనక్కి పడాలో అర్థమైంది కాబట్టి, ఆ శిక్ష మీద నాకేం కోపం లేదు.

2023 మేలో డిగ్రీ చేతికొచ్చింది, ఓపీటీ మీద, అంటే చదువయ్యాక అదే వీసాతో కొంతకాలం పనిచెయ్యడానికిచ్చే అనుమతి మీద, అక్కడే డిఫెన్స్ అనలిస్టుగా తీసుకున్నారు. ఇంట్లో అమ్మకి ఉద్యోగం ఏమిటో చెప్పడం పెద్ద పని. "ఆటగాడివి కాదు, కోచ్‌వీ కాదు, మరేంటిరా నువ్వు?" అనేది. ప్రశ్న సరైనదే. అప్పటి నిబంధనల ప్రకారం మైదానంలో ఆటగాళ్ళకి నేర్పే అధికారం హెడ్ కోచ్‌కీ, పదిమంది అసిస్టెంట్లకీ, పీజీ చదువుతూ కోచింగ్ నేర్చుకునే కొద్దిమంది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్లకీ మాత్రమే. ఆ పదో అసిస్టెంటు కూడా 2018లో వచ్చినవాడే. అనలిస్టు ఆటగాడి పక్కనే నిలబడి తప్పు కళ్ళతో చూసినా నోరు విప్పకూడదు. కోచ్‌కి చెప్పాలి, కోచ్ వాడికి చెప్పాలి.

ఆ సీజన్లో నాన్న మాట ఒకసారి పనిచేసింది. ఒక ప్రత్యర్థి కుడి ట్యాకిల్, అంటే ముందు వరస కొసన నిలబడేవాడు, పాస్ ప్లే ముందు కుడి మడమ కొద్దిగా పైకెత్తేవాడు, రన్ అయితే నేలకి ఆనించేవాడు. నాలుగు మ్యాచ్‌ల ఫిల్ము చూసి లెక్క రాసుకెళ్ళాను. కోఆర్డినేటర్ మాట్లాడకుండా పదకొండు క్లిప్పులు చూశాడు. పన్నెండోది తప్పింది. "ఎన్ని తప్పాయి?" అన్నాడు. చెప్పాను. ఆ వారం మూడు మాటల్లో అదొకటైంది. రెండో క్వార్టర్లో మా ఎండ్, అంటే డిఫెన్స్ వరస కొసన ఉండేవాడు, ఆ మడమ చూసి దూకి, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని పడేశాడు. నేను పైన ప్రెస్ బాక్సులో పెన్సిలు విరగ్గొట్టుకున్నాను. సగం ఆటయ్యాక వాళ్ళూ కనిపెట్టారు. ఆ ట్యాకిల్ మడమ ఎత్తి మరీ రన్‌కి దారి తీశాడు, మా వాడు పాస్ అనుకుని లోపలికి ఉరికాడు, పక్కనుంచి బంతి నలభై గజాలు పోయింది. సోమవారం ఆ క్లిప్పు చూసి కోఆర్డినేటర్ నా భుజం తట్టాడు. ఎందుకు తట్టాడో ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

ఆ తొమ్మిది టోపీల గురించి అడిగితే ఆయన కాలేజీ ఫుట్‌బాల్లో పేరుమోసిన కోచ్ నిక్ సేబన్ లెక్క చెప్పాడు. సేబన్ 1973లో కెంట్ స్టేట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగా మొదలెట్టాడు, అదీ భార్యకి ఇంకో ఏడాది చదువు ఉందని అక్కడ ఆగిపోవడం వల్ల. తర్వాత సిరక్యూస్, వెస్ట్ వర్జీనియా, ఒహాయో స్టేట్. అక్కడ ఉద్యోగం పోయింది. నేవీ, మిషిగన్ స్టేట్, ఆపైన ప్రొఫెషనల్ జట్లు, మళ్ళీ కాలేజీలు. 2007లో అలబామా యూనివర్సిటీకి హెడ్ కోచ్‌గా చేరేసరికి యాభై ఐదేళ్ళు. మా ఆయన మాటల్లో, ఈ వృత్తిలో ప్రమోషన్ అంటే లారీ అద్దె.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఆయనే చెప్పాడు, కాస్త అసూయగానే. బడ్ ఫాస్టర్ 1987లో హెడ్ కోచ్ ఫ్రాంక్ బీమర్‌తో కలిసి వర్జీనియా టెక్‌కి వచ్చి, 2019 సీజన్ దాకా అక్కడే ఉన్నాడు. అందులో పాతికేళ్ళు డిఫెన్స్ బాధ్యత ఆయనదే. 2006లో దేశంలో మేటి అసిస్టెంట్ కోచ్‌కి ఇచ్చే బ్రాయిల్స్ అవార్డు వచ్చింది. 1995 నుంచీ ఆ జట్టు డిఫెన్స్‌కి గుర్తు ఒక రేకు లంచ్ డబ్బా, బొగ్గు గనుల కూలీలు పట్టుకెళ్ళే రకం. ఆటగాళ్ళు దాన్ని మ్యాచ్‌లకి మోసుకెళ్ళేవారు. నాకు ఆ కథ భలే నచ్చింది. మా అమ్మ ఇచ్చి పంపిన స్టీలు క్యారేజీ అప్పటికి నా టేబుల్ మీదే ఉండేది, అందులో పులిహోర తప్ప వ్యూహం ఏమీ లేదు.

వీళ్ళందరూ గంభీరంగా ఉంటారనుకోకండి. బ్రెంట్ వెనబుల్స్ క్లెమ్సన్‌లో డిఫెన్స్ నడిపిన రోజుల్లో ఆవేశంలో మైదానంలోకి దూసుకుపోతుంటే, నడుం బెల్టు పట్టుకుని వెనక్కి లాగడానికే ఒక మనిషి ఉండేవాడు. టీవీలో అందరూ చూశారు. ఏడాదికి 20 లక్షల డాలర్లు దాటిన జీతం తీసుకునే మనిషిని గంగిరెద్దులా వెనక నుంచి లాగడం! ఆయనా కాన్సాస్ స్టేట్‌లో గ్రాడ్యుయేట్ అసిస్టెంటుగానే మొదలయ్యాడు. ఇప్పుడు ఓక్లహామా హెడ్ కోచ్.

ఇక మా సంగతి. ఆ ఏడాది మూడే గెలిచాం. నవంబరు ఆఖరి ఆదివారం పొద్దున మీటింగుకి పిలిచారు, పది నిమిషాల్లో అయిపోయింది. హెడ్ కోచ్‌ని తీసేస్తే ఆయన తెచ్చుకున్న వాళ్ళందరి కథా ముగిసినట్టే. డిఫెన్స్ బాగా ఆడిందా లేదా అన్న ప్రశ్నే రాదు. మధ్యాహ్నానికి నా కార్డుకి తలుపు తెరుచుకోలేదు. లోపల నా జాకెట్, క్యారేజీ ఉండిపోయాయి. కోఆర్డినేటర్ తన తొమ్మిది టోపీలతో పాటు నా క్యారేజీ కూడా బయటికి తెచ్చి ఇచ్చాడు. పదో టోపీ, మా కాలేజీది, తీసుకోలేదు. వాళ్ళావిడ అట్టపెట్టెలు ఎప్పుడూ పారెయ్యదట, మడిచి మెట్ల కింద పెట్టుకుంటుందట.

జీతం డిసెంబరు 31 దాకా ఇస్తామన్నారు. మిగతావాళ్ళకి అది ఊరట. నాకు వేరే గడియారం ఉంది: ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులకి మించి ఉండకూడదు. ఆఖరి తేదీ రాసిన ఉత్తరం ఒకటి ఇమ్మంటే మూడు వారాలు తిప్పారు. ఎవరిని అడిగినా ఇంకొకరిని అడగమన్నారు. పేరు చెప్పననడానికి కారణం అదే, మంచిగా చెప్పడం చేతకాదు.

2024 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్‌ల సంఘం సమావేశాలు నాష్‌విల్‌లో జరిగాయి. ఉపన్యాసాలు ఉంటాయి గానీ అసలు పని హోటల్ లాబీలో. ఉద్యోగం ఉన్నవాళ్ళ చొక్కాల మీద కాలేజీ గుర్తు ఉంటుంది. లేనివాళ్ళు ఖాళీ చొక్కా వేసుకుంటారు. మనిషి మొహం చూడకముందే ఎదుటివాడి చూపు ఛాతీ మీదికి పోతుంది. నాది బూడిద రంగు ఖాళీ చొక్కా. రెజ్యూమే ఇస్తే ప్రతివాడూ అడిగేది ఒకటే: "ఎక్కడ ఆడావు?" కబడ్డీ అంటే ముగ్గురు నవ్వారు, ఒకాయన మాత్రం ఏమిటది చూపించు అన్నాడు. ఆ తివాచీ మీద వంగి, కూతకొచ్చినవాడి చీలమండ ఎలా పట్టుకుంటారో ఆయన కాలు పట్టుకునే చూపించాను. జనం గుమిగూడారు. ఆయన కార్డు ఇచ్చాడు గానీ ఉద్యోగం ఇవ్వలేదు.

ఇంటికొచ్చాక జనవరి 10న సేబన్ రిటైరవుతున్నట్టు ప్రకటించాడు. ఇక హెడ్ కోచ్‌ల వరస: రెండు రోజుల్లో వాషింగ్టన్ యూనివర్సిటీ నుంచి కేలెన్ డిబోర్ అలబామాకి, ఆ తర్వాత అరిజోనా నుంచి జెడ్ ఫిష్ వాషింగ్టన్‌కి, శాన్ హోసే స్టేట్ నుంచి బ్రెంట్ బ్రెనన్ అరిజోనాకి, ఖాళీ అయిన శాన్ హోసేకి కెన్ నియుమటలోలో. ఒక పెద్దాయన కుర్చీ దిగితే పక్షం రోజుల్లో నాలుగు ఊళ్ళలో కుర్చీలు కదిలాయి. ప్రతి కుర్చీ కిందా పదుల కొద్దీ నాలాంటి వాళ్ళు. అలాంటి కదలికల్లోనే ఎక్కడో ఒక చిన్న కాన్ఫరెన్సులో, అంటే కాలేజీ జట్ల లీగులో, ఒక జట్టు డిఫెన్స్ స్టాఫ్‌లో ఖాళీ పడింది. ఆ కోచ్‌కి నా గురించి ఫోన్ చేసింది తొమ్మిది టోపీల ఆయన. అప్పటికి ఆయనకే ఉద్యోగం లేదు. నా 90 రోజుల లెక్కలో అది 61వది.

కొత్తచోట స్టెమ్ ఓపీటీ, అంటే సైన్స్, టెక్నాలజీ లాంటివి చదివినవాళ్ళకిచ్చే పొడిగింపు కోసం ఐ-983 ఫారం నింపాలి. ఈ శిక్షణ వల్ల విద్యార్థి ఏం నేర్చుకుంటాడో యజమాని రాయాలి. కొత్త కోఆర్డినేటర్ పెన్ను పట్టుకుని చాలాసేపు చూసి, "ప్రత్యర్థి గురించి ముందే తెలుసుకోవడం" అని రాశాడు. ఇంకొంచెం డేటా మాటలు కలపమంటే, నువ్వే రాసుకో సంతకం పెడతానన్నాడు. రాసుకున్నాను. ఆమోదం వచ్చింది.

2024 జూన్‌లో కాలేజీ ఆటల్ని నడిపే సంఘం ఎన్‌సీఏఏ నిబంధన మార్చింది. స్టాఫ్‌లో ఎవరైనా మైదానంలో ఆటగాళ్ళకి నేర్పొచ్చు. ఆ సీజన్ నుంచే ఒక ఆటగాడి హెల్మెట్లో రేడియో కూడా వచ్చింది. వెనక ఆకుపచ్చ చుక్క ఉన్నవాడే వింటాడు, గడియారం 15 సెకన్లకి రాగానే గొంతు తెగిపోతుంది. అంతకుముందు బోర్డులూ చేతి సైగలతో కుస్తీ పట్టేవాళ్ళం. ఇప్పుడు మాటలు దొరికాయి కదా అని కోచ్‌లు ఎక్కువ వాగడం మొదలెట్టారు. మా మైక్ మొదటి వారంలోనే హెల్మెట్ తీసి "కోచ్, మూడే చెప్పండి" అన్నాడు. వాడికి ఆ మూడు సంగతి ఎవరూ చెప్పలేదు.

నాకు అప్పగించింది కొత్తగా చేరిన లైన్‌బ్యాకర్‌ని, పద్దెనిమిదేళ్ళవాణ్ణి. మెరుపులా పరిగెడతాడు, కానీ ప్రతిసారీ అరక్షణం ఆలస్యం. గార్డుని చదువుతున్నాడు, సరైన దారే ఎంచుకుంటున్నాడు, అయినా అందుకోలేకపోతున్నాడు. వారం రోజులు కళ్ళ గురించే చెప్పాను. మొదటి మ్యాచ్‌లో రెండు సార్లు వేలికొసల్లోంచి జారవిడిచాడు. టీవీలో వచ్చిన ఆ ముక్కని నాన్నకి వాట్సాప్‌లో పంపాను, ఊరికే, నా కుర్రాడు అని చూపించడానికి.

అక్కడ తెల్లవారుజామున ఫోన్ చేశారు. "ఆ యాభై నాలుగు నంబరోడు పట్టుకి కదిలే ముందు ఎడమ కాలు వెనక్కేస్తున్నాడ్రా. ముందుకెళ్ళాల్సినోడు వెనక్కెందుకు వెయ్యాలి?"

సోమవారం పొద్దున ఎవరూ రాకముందే ఫిల్ము పెట్టి చూశాను. ప్రతి స్నాప్‌కీ, బంతి కదిలిన ప్రతిసారీ, వేస్తున్నాడు. ఆరంగుళాలు.